రేకుపెట్టె నిండినప్పుడు
ఇంటి సర్వర్లో హార్డ్ డిస్కులు మార్చే క్రమం

మన సరిహద్దు గ్రామాలలో ఏ పాత తెలుగు ఇంటి అటక వెదికినా ఒక రేకుపెట్టె కనబడుతుంది. తాతల నాటి క్రయదస్తావేజులు, శిస్తు రసీదులు, జాతకచక్రాలు, పసుపు మరకలు మాయని శుభలేఖలు, అంచులు ముడుచుకుపోయిన పెండ్లి ఫోటోలు అందులో ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, గంజాం జిల్లాలో అధికభాగం మదరాసు నుండి విడివడింది. అంతకు ముందరి కాగితాలు చాలా ఇండ్లలో తెలుగులోను ఇంగ్లీషులోను ఉంటాయి. తరువాతివి క్రమంగా ఒడియాలోకి మారుతాయి. ఒకే పొలానికి రెండు లిపులలో చరిత్ర ఉండటం చీకటి, పాత్రపురం, ఇచ్ఛాపురం వైపు వారికి వింత కాదు. ఆ పెట్టెలోని ఒక్క కాగితం పోయినా, పొలం గట్టు దగ్గర తగవు వచ్చిననాడు దాని విలువ తెలిసివస్తుంది.

ఆ పెట్టెకు శత్రువులు చెదలు, చెమ్మ, అక్టోబరు నెల. 1999 అక్టోబరు 17న గోపాలపురం దగ్గర తీరం దాటిన తుపాను, 2013 అక్టోబరు 12న అదే గోపాలపురాన్ని తాకిన ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను వరదల పాలు చేసిన తిత్లీ, ఇవి మూడూ మన ఇండ్ల పైకప్పులను పరీక్షించినవే. ప్రాణాలు దక్కితే చాలునని శిబిరాలకు తరలిపోయినవారు తిరిగి వచ్చి కాగితాలను వాకిట్లో ఎండబెట్టుకోవటం ఈ ప్రాంతపు వారందరూ చూచిన దృశ్యమే.

అందుచేతనే గత పది పదిహేనేండ్లలో కొన్ని కుటుంబాలు కాగితాలను స్కాన్ చేయించి, పాత వీడియో కాసెట్లను కంప్యూటరు ఫైళ్ళుగా మార్పించి, ఫోన్లలో తీసిన బొమ్మలతో కలిపి ఇంట్లోనే ఒక చిన్న సర్వర్లో దాచుకుంటున్నాయి. కొందరు దీనిని నాస్ పెట్టె అంటారు. కొందరు పాత డెస్క్‌టాప్ కంప్యూటరునే ఇందుకు వాడుతున్నారు. రెండేండ్లకొకసారి బరంపురంలో జరిగే బూఢీ ఠాకురాణి యాత్ర వీడియోలే ఒక్కొక్క ఇంట్లో వందల గిగాబైట్లు ఉంటాయి. వీటన్నిటికంటె విలువైనవి, నా దృష్టిలో, అమ్మమ్మల నాయనమ్మల గొంతులు. మన పిల్లలు చాలామంది ఒడియా బడిలో చదువుతున్నారు. తెలుగు మాట వస్తుంది, లిపి రాదు. అటువంటి పిల్లలకు అవ్వ పాడిన లాలిపాట, పెండ్లిలో అప్పగింతల పాట, పొలం కథ చెప్పిన తాత మాట, ఇవే తెలుగు పుస్తకాలు. ఆ గొంతును మళ్ళీ రికార్డు చేయటానికి మనిషి లేనప్పుడు, ఆ ఫైలు ఒక్కటే మిగిలిన ప్రతి అవుతుంది.

ఇప్పుడు ఆ పెట్టెలు కూడా నిండుతున్నాయి, పాతబడుతున్నాయి. హార్డ్ డిస్కు తిరిగే యంత్రం. అయిదారేండ్లు దాటిన తరువాత దానిని నమ్మి నిద్రపోవటం మంచిది కాదు. తాటాకు ప్రతి జీర్ణం కాకముందే మన పూర్వులు మరొక ప్రతి వ్రాయించేవారు. డిస్కుకు ఆయువు అంతకంటె తక్కువ గనుక ఆ పని ఇంకా తరచుగా చేయవలసి ఉంటుంది. అయితే ఈ పెట్టెలలో పారిటీ అనే రక్షణ ఉన్నది. దాని స్వభావం తెలియకుండా డిస్కులు మార్చితే రక్షణ కాస్తా నష్టానికి దారితీస్తుంది.

పారిటీ అనగా ఏమిటో చెప్పటానికి మన పద్యమే మంచి సాధనం. ఉత్పలమాలలోను చంపకమాలలోను నాలుగు పాదాలలోను రెండవ అక్షరం ఒకే హల్లు కావలెనని ప్రాస నియమం. తాటాకు ప్రతిలో మూడవ పాదపు రెండవ అక్షరాన్ని పురుగు తిన్నదనుకోండి. పండితుడు తక్కిన మూడు పాదాలను చూచి, పోయిన హల్లు ఫలానాదని నిస్సందేహంగా చెప్పగలడు. గణాలు చూచి అది గురువో లఘువో కూడా చెప్పగలడు. అనగా పద్యంలో అదనంగా పెట్టుకున్న ఒక నియమం, పోయినదానిని పూరించటానికి పనికివచ్చింది. నియమం లేని వచనంలో ఆ వెసులుబాటు లేదు. కంప్యూటరుకు అర్థజ్ఞానం లేదు గనుక దానికి ప్రాసకంటె పూర్తి నియమం కావలెను. అదే పారిటీ.

బడిలో మార్కుల పట్టీ తీసుకోండి. ఒక విద్యార్థికి మూడు పరీక్షలలో 12, 7, 20 వచ్చినవి. మొత్తం 39 అని చివరి గడిలో వ్రాశాము. రెండవ గడిమీద సిరా ఒలికినా, 39 నుండి 12, 20 తీసివేస్తే 7 తేలుతుంది. మొత్తం గడిమీదనే సిరా ఒలికితే మళ్ళీ కూడుకుంటే సరిపోతుంది. ఏ గడి పోయినా ఫరవాలేదు, ఒక్కటే పోవలెను. రెండు గడులు పోతే తెలిసిన లెక్క ఒక్కటి, తెలియని అంకెలు రెండు. ఎంతటి ఉపాధ్యాయుడైనా చేతులెత్తవలసిందే.

కంప్యూటరు అంకెలన్నీ ఒకట్లు, సున్నలే గనుక కూడికకు బదులు సరి బేసి చూస్తుంది. మొదటి డిస్కులో 1011, రెండవదానిలో 0110, మూడవదానిలో 1100 ఉన్నవనుకోండి. ప్రతి వరుసలోను నిలువుగా ఒకట్లను లెక్కించి, అవి సరిసంఖ్య అయితే 0, బేసి అయితే 1 అని పారిటీ డిస్కులో వ్రాస్తుంది. పై ఉదాహరణలో అది 0001 అవుతుంది. ఇప్పుడు రెండవ డిస్కు చెడిపోయినదనుకోండి. మిగిలిన 1011, 1100, 0001 లను అదే విధంగా నిలువుగా లెక్కించండి. 0110 వస్తుంది. పోయినది అదే. పిల్లలచేత పలకమీద చేయించి చూడండి, అయిదు నిమిషాల పని. యంత్రం చేసేది కూడా ఇంతే, కాకపోతే లక్షల కోట్ల సార్లు. ఈ విధంగా చవక డిస్కులను కూర్చి నమ్మదగిన నిల్వను చేయవచ్చునని 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ ఆచార్యులు డేవిడ్ ప్యాటర్సన్, ర్యాండీ కాట్జ్, వారి విద్యార్థి గార్త్ గిబ్సన్ ఒక పరిశోధనా పత్రంలో వివరించి, దానికి రెయిడ్ అని పేరు పెట్టారు.

ఈ లెక్కనుండే డిస్కులు మార్చే నియమాలన్నీ పుడతాయి. మొదటిది: మార్పు జరిగే కాలంలో మీరు స్వయంగా ఒక గడిని తుడిచివేస్తున్నారు. ఆ గంటలలో మరొకటి చెడితే పూరించటానికి ఏమీ ఉండదు. అందుచేత ఒకసారికి ఒక్క డిస్కే తీయవలెను. రెండు పారిటీ డిస్కులు ఉన్న పెట్టెలకు కొంత సావకాశం ఉన్నది గాని, ఆ సావకాశాన్ని ప్రమాదానికి దాచుకోవటమే మంచిది. రెండవది: పారిటీ డిస్కును విడిగా ఉంచే పెట్టెలలో అది అన్నిటికంటె పెద్దది గాని, పెద్దదానితో సమానం గాని కావలెను. డేటా డిస్కు పొడవుగా ఉండి పారిటీ పొట్టిగా ఉంటే ఆ పొడవైన భాగానికి సరి బేసి వ్రాసే చోటు ఉండదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పవలెను. పారిటీ ఉన్నది గదా అని వేరే ప్రతి అక్కరలేదనుకునేవారు చాలామంది ఉన్నారు. పారిటీ డిస్కు చెడిపోవటాన్ని మాత్రమే కాపాడుతుంది. పిల్లవాడు పొరపాటున ఫోల్డరు తొలగిస్తే పారిటీ కూడా ఆ తొలగింపునే నమ్మకంగా నమోదు చేసుకుంటుంది. పిడుగు పడి పెట్టె మొత్తం కాలినా, వరదనీరు మంచమెత్తు వచ్చినా, దొంగ ఎత్తుకుపోయినా, వైరస్ ఫైళ్ళకు తాళం వేసినా అది ఏమీ చేయలేదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, వాటిలో ఒకటి ఇంటికి దూరంగా ఉండవలెనని నిపుణులు చెప్పేది ఇందుకే. దూరం విషయంలో మన జిల్లావారికి వెదుకులాట లేదు. గంజాం నుండి సూరత్ మగ్గాలకు పోనివారున్న ఊరు ఏది? అన్నదమ్ములలో ఒకరు సూరత్‌లోనో విశాఖలోనో ఉంటారు. పండుగకు వచ్చినప్పుడు ఒక చిన్న యూఎస్‌బీ డిస్కులో దస్తావేజులు, గొంతులు, ముఖ్యమైన బొమ్మలు ఎక్కించి పంపితే, గోపాలపురం తుపాను సూరత్‌ను తాకదు. డిస్కులు మార్చే పని మొదలుపెట్టే ముందు ఈ ప్రతి సిద్ధంగా ఉండవలెను. అది లేనివారు ఈ వ్యాసాన్ని ఇక్కడ ఆపి, ఆ పని చేసి, తరువాత చదవగలరు.

తరువాత మీ పెట్టె ఏ జాతిదో తెలుసుకోవలెను. స్థూలంగా రెండు జాతులు. అన్‌రెయిడ్ వంటి వాటిలో ప్రతి డేటా డిస్కు దేనికదే స్వతంత్రం; పారిటీకి వేరుగా ఒక డిస్కు ఉంటుంది. ఒక డిస్కును బయటకు తీసి లినక్స్ ఉన్న మరో కంప్యూటరుకు తగిలిస్తే దానిలోని ఫైళ్ళు చదవవచ్చు. రెండవ జాతిలో, అనగా రెయిడ్ 5 పద్ధతిలో, ప్రతి ఫైలు ముక్కలుగా అన్ని డిస్కులలోను పరచబడి ఉంటుంది. పారిటీ కూడా అన్నిటిలో పంచబడి ఉంటుంది. ఒక్క డిస్కును విడిగా తీస్తే అందులో అర్థమయ్యేది ఏమీ ఉండదు. పెద్ద కంపెనీల నాస్ పెట్టెలు సాధారణంగా ఈ రెండవ జాతివే.

ఈ తేడా ఖర్చును కూడా నిర్ణయిస్తుంది. నాలుగు 4 టెరాబైట్ల డిస్కులున్న పెట్టె తీసుకోండి. ఒకటి పారిటీకి పోగా 12 టెరాబైట్ల చోటు ఉంటుంది. శుద్ధమైన రెయిడ్ 5లో మూడు డిస్కులను 8 టెరాబైట్లవిగా మార్చినా చోటు 12 దగ్గరనే ఉంటుంది. నాల్గవది కూడా మారిన తరువాత, విస్తరించమని ఆజ్ఞ ఇస్తే 24 అవుతుంది. సైనాలజీవారి మిశ్రమ పద్ధతిలో రెండు డిస్కులు మారగానే 16 వస్తుంది. అన్‌రెయిడ్‌లో పారిటీ ఒకటి, డేటా ఒకటి మార్చితే అదే 16. కనుక ఒకేసారి నాలుగు డిస్కులు కొనలేని కుటుంబానికి, మనలో ఎక్కువమంది అటువంటివారే, రెండవసారి పెట్టె కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుండవలెను.

మార్చకముందు పాత డిస్కులన్నిటి ఆరోగ్యం చూడవలెను, తీయబోయేదానిది మాత్రమే కాదు. ఎందుకంటే పునర్నిర్మాణమనగా మిగిలిన డిస్కులన్నిటినీ మొదటినుండి చివరివరకు ఒక్క ఊపున చదవటం. ఏండ్ల తరబడి ఎవరూ తాకని మూలలు అప్పుడే బయటపడతాయి. ప్రతి డిస్కూ తన గురించి స్మార్ట్ అనే ఒక చిట్టా ఉంచుకుంటుంది. అందులో 5వ సంఖ్య చెడిపోయి వేరే చోటికి మార్చబడిన ఖండాలను, 197వ సంఖ్య అనుమానంగా ఉన్న ఖండాలను, 198వది చదవటానికి వీలుకాని ఖండాలను తెలుపుతాయి. ఇవి సున్న అయితే సంతోషం. 197 ఎదుట సున్న కాక మరే అంకె ఉన్నా ఆ డిస్కును ముందు మార్చండి, పెద్దదైనా చిన్నదైనా. 199వ సంఖ్య పెరుగుతుంటే మాత్రం డిస్కును నిందించకండి. అది చాలా వరకు వదులైన కేబుల్ లక్షణం. మన తీరపు ఉప్పుగాలికి లోహపు కొసలు త్వరగా మసకబారుతాయి, కేబుల్ మార్చితే అంకె నిలబడుతుంది. ఆ పిమ్మట ఒక పూర్తి పారిటీ తనిఖీ నడిపి, తప్పులు సున్న అని చూచుకున్నాకనే స్క్రూడ్రైవరు చేతపట్టవలెను. తప్పుడు మొత్తం ఉన్న పట్టీనుండి పోయిన మార్కును తీస్తే వచ్చేది తప్పుడు మార్కే.

కొత్త డిస్కు కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: అది సీఎంఆరా, ఎస్ఎంఆరా? రెండవ రకంలో వ్రాత పట్టాలు పెంకుటింటి కప్పువలె ఒకదానిమీద ఒకటి ఒరిగి ఉంటాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైవరుసలు కూడా కదపవలసినట్లు, ఒక చోట తిరిగి వ్రాయాలంటే పక్క పట్టాలు కూడా తిరిగి వ్రాయవలసి వస్తుంది. చదవటానికి ఇబ్బంది లేదు, ధర తక్కువ, సూరత్ పంపే ప్రతికి చక్కగా సరిపోతుంది. పారిటీ పెట్టెలో మాత్రం పునర్నిర్మాణం గంటల నుండి రోజులకు సాగుతుంది. నాస్ పెట్టెల కోసమే అని ముద్రించి అమ్మిన కొన్ని డిస్కులు కూడా ఈ రకానివేనని 2020లో బయటపడి పెద్ద గొడవ జరిగింది. కనుక అట్టపెట్టె మీది మాటను కాక, మోడలు సంఖ్యను కంపెనీవారి పట్టికలో చూచుకోవలెను. అలాగే 2025 తొలినాళ్ళలో జర్మనీలో వాడిన డిస్కులను, తిరిగిన గంటల లెక్క చెరిపి, కొత్తవిగా అమ్మిన సంగతి వెలుగులోకి వచ్చింది. బిల్లు, వారంటీ లేని చవక డిస్కును ఎవరు తెచ్చి ఇచ్చినా వినయంగా వద్దనండి.

డిస్కు మీద 8 అని ఉండి కంప్యూటరు 7.28 చూపితే దుకాణదారుతో తగవుపడవద్దు. తయారీదారుడు వేయి చొప్పున, కంప్యూటరు 1024 చొప్పున లెక్కించటం వల్ల వచ్చే తేడా అది. శేరుకు, కిలోకు ఉన్న తేడా వంటిది.

కొత్త డిస్కు చేతికి రాగానే పెట్టెలో పెట్టరాదు. యంత్రాలు తొలిరోజులలోను, వయసు మళ్ళిన తరువాతను ఎక్కువగా చెడిపోతాయి. నడుమ కాలం నెమ్మది. అందుచేత దానిని వేరే కంప్యూటరుకు తగిలించి మొత్తం సున్నలు వ్రాసి, తిరిగి చదివించి, స్మార్ట్ చిట్టాను మళ్ళీ చూడవలెను. 8 టెరాబైట్ల డిస్కు సగటున సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నడిస్తే వ్రాయటానికి సుమారు 15 గంటలు, చదవటానికి మరో 15. రెండు రోజులు వృథా అని తోచవచ్చు. కాని లోపమున్న డిస్కు దుకాణపు వారంటీలో మారటం వేరు, మన పెట్టెలో మన ఫైళ్ళ నడుమ చెడటం వేరు.

ఇక మార్చే పని. అన్‌రెయిడ్ జాతి పెట్టె అయితే ముందు పారిటీ డిస్కునే పెద్దదిగా మార్చవలెను, కారణం పైన చెప్పినదే. పెట్టెను పద్ధతి ప్రకారం ఆపి, విద్యుత్తు తీసి, ఏ అరలో ఏ సీరియల్ సంఖ్య ఉన్నదో కాగితం మీద వ్రాసుకోండి. ఆ కాగితం ముక్క మీకు ఎంత మేలు చేస్తుందో నేను చెప్పనక్కరలేదు. పాత పారిటీ డిస్కు తీసి, కొత్తది పెట్టి, పెట్టెను నడిపి, పారిటీని కొత్తగా నిర్మించమనండి. ఆ పదిహేను గంటలు ఎవరూ కొత్త ఫైళ్ళు ఎక్కించకుండా చూడండి. ఫోన్లనుండి తమంతట తాము ఎక్కే బొమ్మలను కూడా ఆపండి. దీనిలో రహస్యమేమంటే, డేటా మారనంత కాలం తీసిన పాత పారిటీ ఇంకా సత్యమే చెబుతుంది. నడుమ దేవుడు కరుణించక ఒక డేటా డిస్కు పోయినా, తెలిసినవారి సాయంతో పాత పారిటీని తిరిగి పెట్టి దానిని బ్రతికించుకునే అవకాశం ఉంటుంది. కొత్త ఫైళ్ళు చేరితే ఆ అవకాశం అంతమేరకు చెడుతుంది.

పారిటీ నిర్మాణం ముగిసి, తనిఖీలో తప్పులు సున్న అని వచ్చిన తరువాతనే డేటా డిస్కు వంతు. ఒకటి తీయండి, పెద్దది పెట్టండి, మిగిలినవాటినుండి దాని పాఠాన్ని యంత్రం తిరిగి వ్రాస్తుంది. తీసిన పాత డిస్కులో మీ ఫైళ్ళన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి గనుక దానిని కనీసం నెలరోజులు తుడవకుండా దాచండి. రెయిడ్ 5 పెట్టెలలో ముందు అన్నిటికంటె చిన్నదానిని, లేదా అన్నిటికంటె జబ్బుగా ఉన్నదానిని మార్చి, మరమ్మతు ముగిసినదని పెట్టె చెప్పేవరకు ఆగి, తరువాతిదానికి పోవలెను. ట్రూనాస్‌లోను, లినక్స్‌లోను ఖాళీ అర ఉన్నట్లయితే పాత డిస్కు ఉండగానే కొత్తదానిని పక్కన పెట్టి మార్పించే సౌకర్యం ఉన్నది. అర ఖాళీ ఉన్నవారు తప్పక దానినే వాడుకోవలెను, ఎందుకంటే అప్పుడు గడి తుడవబడకుండానే కొత్త గడి వ్రాయబడుతుంది.

ఇచ్ఛాపురం వైపు నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఈ ఓర్పు లోపించింది. పెద్దబ్బాయి సెలవు నాలుగు రోజులే. మొదటి డిస్కు మరమ్మతు సగంలో ఉండగా, పెట్టె పనిచేస్తూనే ఉన్నది గదా, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి గదా అని రెండవదానిని కూడా లాగి కొత్తది పెట్టాడు. పెట్టె అతడు అడిగిన ఫైళ్ళను అప్పటికప్పుడు లెక్కకట్టి చూపిస్తున్నదని, ఆ డిస్కు లేకుండానే బండి నడుపుతున్నదని అతనికి తెలియదు. రెండవది లాగగానే అన్నీ మాయమయ్యాయి. లాగిన డిస్కును వెంటనే తిరిగి పెట్టినా పెట్టె దానిని తనదిగా గుర్తించలేదు. పొలం కాగితాలకు తహసీలు కచేరీలో నకళ్ళు దొరికాయి, కాలయాపన తప్ప నష్టం లేదు. వారి నాయనమ్మ పాడిన పదకొండు పాటలు మాత్రం దొరకలేదు. ఆమె అంతకు రెండేండ్ల ముందే కాలంచేసింది. అటువంటి సమయంలో చేయవలసినది ఒక్కటే: ఏ బొత్తామూ నొక్కకుండా, కొత్తగా ఏర్పాటు చేయమంటారా అని తెర అడిగితే ఒప్పుకోకుండా, పెట్టెను ఆపి, డిస్కులన్నిటినీ వరుస క్రమంతో పదిలపరచి, తెలిసినవారి దగ్గరకు తీసుకుపోవటం. ఒప్పుకున్న తరువాత తెలిసినవారు కూడా చేయగలిగినది తక్కువ.

కరెంటు సంగతి వేరుగా చెప్పుకోవలెను. పదిహేను గంటలు నిరాటంకంగా కరెంటు ఉండే రోజు మన పల్లెలలో ముందుగా ఎవరు చెప్పగలరు? కరెంటు పోయి వస్తే కొన్ని పెట్టెలు ఆగినచోటునుండి సాగుతాయి, కొన్ని మొదటికి వస్తాయి, వ్రాత నడుమ ఆగటం దేనికీ మంచిది కాదు. ఇంటి ఇన్వర్టరు చాలునని అనుకోరాదు. కరెంటునుండి బ్యాటరీకి మారే లిప్తపాటులో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది గాని కంప్యూటరు ఆగి మళ్ళీ లేస్తుంది. చాలా ఇన్వర్టర్లకు వెనుక యూపీఎస్ అని ఒక మీట ఉంటుంది, దానిని అటు తిప్పితే ఈ జాప్యం తగ్గుతుంది. అంతకంటె మేలు, పెట్టెకు ప్రత్యేకంగా చిన్న యూపీఎస్ పెట్టి దాని యూఎస్‌బీ తీగను సర్వర్‌కు కలపటం. బ్యాటరీ అడుగంటుతున్నదని తెలియగానే సర్వర్ తనంతట తాను సక్రమంగా ఆగిపోతుంది.

కాలం కూడా చూచుకోవలెను, ముహూర్తం అని నవ్వుకున్నా సరే. ఏప్రిల్, మే నెలలలో ఎండ, సాయంకాలపు గాలివానలు. పునర్నిర్మాణ కాలంలో డిస్కులు ఎడతెగక తిరిగి 50 డిగ్రీలు దాటే ప్రమాదం ఉంటుంది. వర్షాకాలంలో పిడుగులు. అక్టోబరు సంగతి చెప్పనక్కరలేదు. సంక్రాంతి దాటిన తరువాత మాఘమాసం వరకు ఉండే చల్లని పొడి రోజులు ఈ పనికి అనువైనవి. పెట్టెను నేలమీద కాక, నడుము ఎత్తుకు పైన ఉన్న బల్లమీద, గోడకు జానెడు దూరంగా ఉంచండి.

పని ముగిసిన తరువాత మరొక తనిఖీ నడిపి, ఆపై యంత్రం మాట విడిచి మన కన్ను, చెవి వాడవలెను. పది ఫైళ్ళు తెరవండి: ఒక దస్తావేజు, ఒక పాత పెండ్లి వీడియో చివరి భాగం, ఒక పాట. ఇదే సమయంలో మరొక పని కూడా చేయవచ్చు. 2000 ప్రాంతంలో డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లలో టైపు చేయించిన వంశవృక్షాలు, శుభలేఖలు చాలా ఇండ్లలో ఉన్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. డిస్కు బాగున్నా అక్షరం పోయినట్లే. ఫాంటు దొరికినప్పుడే వాటిని పీడీఎఫ్‌గా మార్చి, వీలైతే యూనికోడ్‌లో తిరిగి టైపు చేయించండి. ఫైళ్ళ పేర్లు తెలుగులోను ఒడియాలోను రెండింటిలోను పెట్టండి. రేపు వెదికేవారికి ఏ లిపి వస్తుందో మనకు తెలియదు.

తీసిన పాత డిస్కులలో ఆరోగ్యంగా ఉన్నవాటిని పారవేయకండి. అవే సూరత్ ప్రతికి పనికివస్తాయి. గాలి చొరని సంచిలో, మందుసీసాలలో వచ్చే తేమ పీల్చే పొట్లాలు రెండు వేసి, మెత్తని గుడ్డలో చుట్టి పంపండి. ఏడాదికొకసారి తగిలించి చదివించమనండి. అమ్మివేయదలచినవాటిని మాత్రం పూర్తిగా సున్నలతో నింపి అమ్మవలెను. ఫైలు తొలగించినంత మాత్రాన డిస్కునుండి అది పోదు, ఆధార్ కార్డుల బొమ్మలు, బ్యాంకు పుస్తకాలు పరాయి చేతిలో పడతాయి.

చివరగా, పెట్టె తాళంమాట, డిస్కుల వరుస, దూరపు ప్రతి ఎవరి దగ్గర ఉన్నదీ ఒక కాగితం మీద రెండు భాషలలో వ్రాసి, అటకమీది ఆ పాత రేకుపెట్టెలోనే, దస్తావేజుల పక్కన ఉంచండి. ఇంటిలో ఈ సంగతులు తెలిసినవారు కనీసం ఇద్దరు ఉండవలెను, ఆ ఇద్దరిలో ఒకరు ఊరిలోనే ఉండేవారు కావలెను.